దిగిరాని యాంటెన్నా

పాత కారు కొనదలచిన సోదరులు ఇంజను చప్పుడు వింటారు, టైర్లు తట్టి చూస్తారు, కాగితాలు తిరగేస్తారు. రేడియో మోగుతున్నదా లేదా అని కూడా చూస్తారు. రేడియో ఆపివేసిన తరువాత యాంటెన్నా కిందికి దిగుతున్నదా అని మాత్రం ఎవరూ చూడరు. మేమూ చూడలేదు. ఆ చూడకపోవడం వల్ల మా ఇంట ఏమి జరిగినదో, చివరకు 750 రూపాయలలో ఆ పని ఎట్లా తీరినదో ఈ నెల పాఠకులకు మనవి చేస్తాము.

మా నివాసం చేవెళ్ళ, మేము పాఠాలు చెప్పే మదరసా మొయినాబాద్ వైపు. మధ్య దూరం ఇరవై కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఇన్నేళ్ళూ ఆర్టీసీ బస్సు మాకు చాలినది. మా అమ్మీకి మూత్రపిండాలు చెడి వారానికి రెండుసార్లు నగరంలో డయాలసిస్ తప్పనిసరి అయిన తరువాత బస్సు చాలలేదు. డయాలసిస్ ముగిసి బయటికి వచ్చిన మనిషిని మెహదీపట్నం బస్టాపులో నిలబెట్టడం ఎంత కష్టమో, ఇంట ఆ రోగం ఉన్నవారికి మేము చెప్పనక్కరలేదు. ఉన్న పొదుపు సొమ్ముతో, కొంత మా పెద్దబ్బాయి సాయంతో, పదిహేనేళ్ళు దాటిన ఒక పెట్రోలు కారు కొన్నాము. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. కారు మంచిదే. ఆ యాంటెన్నా ఒక్కటే మమ్మల్ని పరీక్షించినది.

ఈ కాలపు కార్లలో యాంటెన్నా చిన్న తోకవలె కప్పు మీద ఉంటుంది, లేదా వెనుక అద్దంలోనే సన్నని గీతలుగా కలిసిపోయి ఉంటుంది. వెనుకటి కార్లలో కొన్నింటికి పవర్ యాంటెన్నా ఉండేది. రేడియో పెట్టగానే మడ్‌గార్డు లోనుంచి ఒక మెరిసే కడ్డీ దానంతట అది పైకి లేస్తుంది, ఆపగానే లోపలికి పోతుంది. దాని పొడవు ఊరికే పెట్టినది కాదు. హైదరాబాదులో 101.9 మెగాహెర్ట్జ్‌పై వచ్చే రెయిన్‌బో ఎఫ్‌ఎం తరంగం పొడవు మూడు మీటర్లకు కొంచెం తక్కువ. అందులో నాలుగో వంతు అంటే సుమారు 74 సెంటీమీటర్ల కడ్డీ ఆ తరంగాన్ని చక్కగా పట్టుకుంటుంది. మీడియం వేవ్ సంగతి వేరు. మేము చిన్నప్పటి నుండి ఎరిగిన హైదరాబాద్ ‘ఎ’ కేంద్రపు 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు నాలుగువందల మీటర్ల పైమాట. అంత కడ్డీ ఏ కారుకూ పెట్టలేము గనుక, ఉన్న కడ్డీ ఎంత పూర్తిగా లేస్తే అంత మేలు. సగం లేచిన యాంటెన్నాతో ఎఫ్‌ఎం ఎట్లో వినబడుతుంది గాని మీడియం వేవ్ గురగురలాడుతుంది.

మీడియం వేవ్ ఎందుకంటారా? అమ్మీ కోసం. ఆమె చూపు మందగించినది, సెల్‌ఫోనులో బొమ్మలు ఆమెకు పనికిరావు. ఆమె తండ్రి, అంటే మా నానా, దక్కన్ రేడియో కాలపు మనిషి. 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన ఆ కేంద్రం 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసినది. ఆ యింటి అలవాటు అమ్మీకి మిగిలినది. తిరుగు ప్రయాణంలో ఉర్దూ కార్యక్రమం ‘నైరంగ్’ వేళకు మేము దారిలో ఉంటే ఆమె వెనుక సీటులో కళ్ళు మూసుకుని వింటుంది. డయాలసిస్ తరువాత ఆమె నోట మాట రాదు, వినడం ఒక్కటే మిగులుతుంది. ఈ మాట ముందే చెప్పుకోకపోతే, ఒక పాత కారు యాంటెన్నా కోసం ఇంత తిప్పలు దేనికని పాఠకులు అనుకుంటారు.

కారు చూడబోయిన నాడు రేడియో మోగుతున్నది, యాంటెన్నా నిటారుగా నిలబడి ఉన్నది. అమ్మిన పెద్దమనిషి రేడియో బాగా వస్తుందని అన్నాడు. అది నిజమే. ఆపి చూపమని మేము అడగలేదు. ఇంటికి తెచ్చిన తరువాత తెలిసినది, ఆ కడ్డీ ఎప్పుడూ అట్లాగే నిలబడి ఉంటుందని. దిగదు. చేతితో నొక్కితే నాలుగు వేళ్ళు దిగి ఆగిపోతుంది. మేము పెద్దగా పట్టించుకోలేదు. హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు మీద తిరిగేవారికి ఆ మర్రిచెట్లు తెలుసు. మొయినాబాద్ నుండి మన్నెగూడ దాకా సుమారు 900 మర్రులు. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టాలా, కాపాడాలా అని హరిత ట్రిబ్యునల్ ముందు ఏండ్ల తరబడి వాదం నడిచినది కూడా వాటి గురించే. ఎండ వేళ కారు నిలపడానికి ఆ నీడకు మించినది లేదు. అట్లా నిలిపి వెనుకకు తీస్తుండగా ఒకసారి మర్రి ఊడ తగిలి మా యాంటెన్నా ఒంగినది. దానిని చేతితోనే సరిచేసి మరిచిపోయాము.

అసలు కథ మా అబ్బాయి కొత్త స్టీరియో కొని తెచ్చినప్పుడు మొదలైనది. పాతది కాసెట్టు పెట్టేది, అతనికి పెన్‌డ్రైవు పెట్టేది కావాలి. స్టీరియో పెట్టెలో ఇచ్చిన కాగితం చూసి తీగలన్నీ అతనే కలిపాడు. కొత్త స్టీరియోలలో నీలిరంగు తీగ పవర్ యాంటెన్నాకు అని కాగితంలో ఉన్నది. కారు వైపు ఒక తీగ చివర టేపు చుట్టి విడిగా వదిలివేయబడి ఉన్నది. ఇది ఎందుకు వదిలివేశారని అనుమానించవలసినది పోయి, ఎవరో కలపడం మరిచారని మా అబ్బాయి కలిపివేశాడు. రేడియో పెట్టగానే మడ్‌గార్డు లోపల జర్రుమని శబ్దం వచ్చినది. యాంటెన్నా కదలలేదు. రేడియో ఆపాడు. శబ్దం కాసేపటికి ఆగినట్లే ఉన్నది. ఇషా నమాజు తరువాత మళ్ళీ ఒకసారి పాటుపడి, తలుపు వేసి వచ్చి పడుకున్నాడు.

ఆ రాత్రి మా ఇంటివారు రెండుసార్లు లేచి, మోరీలో కీచురాయి దూరినట్లున్నది, ఒకటే అరుస్తున్నదని చెప్పినారు. మేము పడుకోమన్నాము. అది కీచురాయి కాదు, యాంటెన్నా మోటారు. తాళం తీసినా దానికి కరెంటు పోదు, ఎందుకో కింద చెబుతాము. అట్టి మోటారు మూడు ఆంపియర్ల కరెంటు తాగినా, ముప్పై అయిదు ఆంపియర్-అవర్ల బ్యాటరీ తెల్లవారేసరికి దాదాపు ఖాళీ. మరునాడు మధ్యాహ్నం అమ్మీని కూర్చోబెట్టి తాళం తిప్పితే కారు టిక్కుమన్నది, అంతే.

మా వీధిలో టమాటా లోడు తీసుకుపోయే ట్రాలీ డ్రైవరు ఒకరు ఉన్నారు. ఆయన మార్కెట్ నుండి తిరిగి వచ్చే దాకా ఆగి, ఆయన బండి బ్యాటరీకి తీగలు తగిలించి మా కారు స్టార్టు చేసుకుని వెళ్ళేసరికి గంట పైన ఆలస్యమైనది. ఆసుపత్రిలో మిషను వరుసలో మా తరువాతి వారు కాచుకుని ఉన్నారు, వారినీ తప్పుపట్టలేము. నాలుగు గంటలు జరగవలసిన డయాలసిస్ ఆ రోజు మూడు గంటలకే ముగించినారు. రెండు రోజులు అమ్మీ పాదాలు ఉబ్బి ఉన్నవి. మా అబ్బాయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని తల ఎత్తలేదు. అమ్మీ మాత్రం, “వాడిని ఏమనకు, పాటల కోసం కాదు, నా రేడియో కోసమే పెట్టినాడు” అన్నది.

ఇటువంటి సమయంలో చేయవలసిన మొదటి పని, మేము ఆనాడు చేయనిది, యాంటెన్నా ఫ్యూజు పీకివేయడం. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు డబ్బా ఉంటుంది, మూత మీద బొమ్మలు ఉంటాయి. కొన్ని కార్లలో అదే ఫ్యూజు గడియారానికో లోపలి దీపానికో కూడా పనిచేస్తుంది, ఆ రెండు రోజులు దీపం లేకపోతే నష్టమేమీ లేదు. ఫ్యూజు దొరకకపోతే మోటారు దగ్గరి ప్లగ్గు ఊడదీసి టేపు చుట్టాలి.

బాగుచేయించడానికి బయలుదేరాము. నగరంలో ఒక పెద్ద దుకాణంవారు బోనెట్ కూడా ఎత్తకుండానే మొత్తం సెట్టు మార్చాలి, 6,500 అన్నారు. సామాను తెప్పించడానికి పది రోజులు, అడ్వాన్సు సగం. మరొకచోట మోటారు తీసి పారవేసి మామూలు కడ్డీ బిగిస్తాము, 350 చాలు అన్నారు. ఈ రెండో మాట తప్పు కాదు. రేడియో ఎప్పుడో ఒకసారి వినేవారికి అదే సరైన దారి. స్థిరమైన కడ్డీ బిగిస్తే మోటారు బాధే ఉండదు. అయితే రెండు జాగ్రత్తలు కావాలి. పాత రంధ్రం పెద్దది, దాని చుట్టూ రబ్బరు సరిగా కూర్చోకపోతే వాన నీరు మడ్‌గార్డు లోపలికి దిగి ఇనుము తుప్పు పడుతుంది. కడ్డీ అడుగుభాగం కారు ఇనుముకు గట్టిగా తగలాలి, రంగు మీద బిగిస్తే ఎర్త్ అందక ఇంజను చప్పుడంతా రేడియోలో వినబడుతుంది. ఆ చోట గరకు కాగితంతో రంగు గీకి బిగించి, తరువాత చుట్టూ గ్రీజు రాయాలి.

మేము ఆ 350 రూపాయల దారికి సిద్ధపడిన వేళ, చేవెళ్ళలోనే ఒక ముసలి మిస్త్రీ మా పని చూసినారు. అంబాసిడర్ల కాలం నుండి కార్ల వైరింగు చేసినవారు. ఇప్పుడు చూపు తగ్గి చిన్న పనులే పట్టుకుంటారు. ఆయన ఫ్యూజు తిరిగి పెట్టించి, రేడియో వేయమని, మడ్‌గార్డుకు చెవి ఆనించి విన్నారు.

“మోటర్ మంచిగనే తిరుగుతుంది మౌల్వీ సాబ్. లోపల దారం తెగింది, గంతే. మోటర్ పారేసుడెందుకు?”

ఆ దారం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పవర్ యాంటెన్నాలు చెడిపోయిన చోట్ల చాలావరకు చెడిపోయేది అదే. పైకి కనబడే ఇనుప కడ్డీ నాలుగైదు గొట్టాలు ఒకదానిలో ఒకటి దూరినది. అన్నిటికన్నా సన్నని గొట్టం అడుగున ఒక నైలాన్ దారం అతికి ఉంటుంది. దానికి ఒక వైపు రంపం వలె పళ్ళు ఉంటాయి. మోటారు పళ్ళచక్రం ఆ పళ్ళను పట్టి పైకి తోస్తే కడ్డీ లేస్తుంది, వెనుకకు లాగితే దారం డబ్బాలో చుట్టుకుని కడ్డీ దిగుతుంది. కడ్డీ ఒంగినా, దుమ్ము పట్టినా దారం మీద బరువు పడుతుంది. ఏండ్లు గడిచిన నైలాన్ పెళుసెక్కి పటుక్కున తెగుతుంది. అప్పుడు మోటారు తిరుగుతూనే ఉంటుంది, కడ్డీ కదలదు.

కనుక చెవే మొదటి పరికరం. రేడియో వేసినప్పుడు మోటారు తిరిగే శబ్దం వచ్చి కడ్డీ కదలకపోతే తెగినది దారమే. మోటారు మూలిగి కడ్డీ కొద్దిగా కదిలి ఆగిపోతే కడ్డీ ఒంగినది, లేదా మురికి పట్టినది. గుడ్డను కొంచెం కిరోసిన్‌లో తడిపి తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. గ్రీజు మాత్రం పూయకూడదు, మన రోడ్ల దుమ్మంతా దానికి అంటుకుని మళ్ళీ అదే బాధ. అసలు శబ్దమే లేకపోతే ఫ్యూజు, తీగలు, ఎర్త్ చూడాలి. అవన్నీ బాగుండి కూడా శబ్దం లేకపోతేనే మోటారు పోయినట్లు.

తీగలు మామూలుగా మూడు. ఒకటి బ్యాటరీ నుండి నేరుగా వస్తుంది, దానిలో ఎల్లవేళలా కరెంటు ఉంటుంది. కారు ఆపి తాళం తీసిన తరువాత కూడా కడ్డీ దిగాలి గదా, అందుకు. మా బ్యాటరీని తాగినది ఈ తీగ ద్వారానే. రెండోది రేడియో నుండి వచ్చేది, రేడియో మోగినంతసేపు దానిలో 12 వోల్టులు ఉంటాయి. మూడోది ఎర్త్. రంగులు కారుకొక తీరుగా ఉంటాయి, రంగు చూసి నమ్మవద్దు, రెండు తీగల చిన్న బల్బుతో పరీక్షించి తెలుసుకోవాలి. కడ్డీ చివరిదాకా పోగానే మోటారును ఆపే చిన్న స్విచ్చు ఒకటి లోపల ఉంటుంది. మాకు ఆ స్విచ్చు కూడా తుప్పుతో అంటుకుపోయినది. దారం తెగడం, స్విచ్చు అంటుకోవడం ఒక్కటైనవి గనుకనే మోటారు రాత్రంతా తిరిగినది.

మిస్త్రీ మమ్మల్ని పుత్లీబౌలికి పంపినారు. కోఠీకి దగ్గర, కారు విడిభాగాల దుకాణాలు వరుసగా ఉండే చోటు. రాణీగంజ్‌లోనూ దొరుకుతుంది గాని మాకు పుత్లీబౌలి దగ్గర. ఆయన చెప్పి పంపిన మాట ఒకటే: పాత కడ్డీ, తెగిన దారం ముక్క రెండూ చేత పట్టుకుని పొండి, నోటి మాటతో కొనకండి. ఇది నూటికి నూరుపాళ్ళు పాటించవలసిన మాట. మేము అడిగిన మొదటి దుకాణంలో కారు పేరు చెప్పగానే ఒక సెట్టు తీసి ఇచ్చినారు. పక్కన పెట్టి చూస్తే దారం లావు వేరు, పళ్ళ ఎడం వేరు. మూడో దుకాణంలో సరైనది దొరికినది. మోటారు లేకుండా కడ్డీ, నైలాన్ దారం మాత్రమే, 480 రూపాయలు. దారం పొడవు కొంచెం ఎక్కువ ఉన్నా కోసుకోవచ్చు, తక్కువ ఉంటే పనికిరాదు. పళ్ళు సరిపోకపోతే ఎంత చవకైనా వద్దు.

తీయడం, బిగించడం మేమే పక్కన ఉండి చూశాము, అబ్బాయి చేత చేయించినారు. కడ్డీ మొదట్లో గాడులున్న ఒక గుండ్రని నట్టు ఉంటుంది. మామూలు పానా పట్టదు. నోస్ ప్లయర్ మొనలను గాడులలో పెట్టి తిప్పాలి, కింద గుడ్డ పరచకపోతే రంగు గీరుకుంటుంది. నట్టు తీసి రేడియో వేస్తే, దారం బాగున్న యాంటెన్నా అయితే మోటారే కడ్డీని బయటికి తోసివేస్తుంది. మాది తెగినది గనుక చేతితో లాగితేనే వచ్చినది, దారం సగం లోపలే మిగిలినది. ఇక్కడ తొందరపడేవారే ఎక్కువ. ఆ ముక్కను లోపలే వదిలి కొత్తది దూర్చితే రెండూ చిక్కుకుని కొత్తది కూడా తెగుతుంది. మిస్త్రీ మోటారు డబ్బా విప్పించి, మూడు ముక్కలు ఏరి తీయించి, ఆ అంటుకున్న స్విచ్చును సన్నని గరకు కాగితంతో గీకించినారు. డబ్బా అడుగున నీరు పోవడానికి ఒక సన్నని రబ్బరు గొట్టం ఉంటుంది. మాది మట్టితో మూసుకుపోయి ఉన్నది. తుప్పుకు మూలం అదే. దానిలో సన్నని తీగ పోనిచ్చి శుభ్రం చేయించినారు. ఆరు నెలలకు ఒకసారి, వానాకాలం ముందు తప్పనిసరిగా, ఈ ఒక్క పని ఎవరైనా తమంతట చేసుకోవచ్చు.

బిగించేటప్పుడు ఇద్దరు కావాలి. ఒకరు కారు లోపల రేడియో దగ్గర, ఒకరు బయట. దారం పళ్ళు చక్రం వైపు తిరిగి ఉండేటట్లు రంధ్రంలోకి దించి, చక్రానికి తగిలే దాకా మెల్లగా నొక్కి పట్టుకోవాలి. ముందు రేడియో వేసి ఉండాలి. బయటివారు చెప్పగానే లోపలివారు ఆపాలి. ఆపగానే మోటారు వెనుకకు తిరిగి దారాన్ని లోపలికి లాగుకుంటుంది. కడ్డీని నిటారుగా పట్టి దానితోపాటు దించాలి, లాగవద్దు, తోయవద్దు, వేళ్ళు నట్టు అంచు దగ్గర పెట్టవద్దు. మాకు మొదటిసారి పట్టలేదు. పళ్ళు పక్కకు తిరిగినవి. అరచుట్టు తిప్పి రెండోసారి పెడితే సర్రున దిగినది. కడ్డీ రెండు వేళ్ళంత బయట మిగిలితే, రేడియో ఒకసారి వేసి ఆపితే సర్దుకుంటుంది. ఆ తరువాతే నట్టు బిగించాలి.

మిస్త్రీ ఇంకొక పని చేసినారు, మాకు అన్నిటికన్నా నచ్చినది అదే. నీలి తీగ మధ్యలో 20 రూపాయల చిన్న స్విచ్చు ఒకటి వేసి స్టీరింగు కింద బిగించినారు. పెన్‌డ్రైవులో ఖిరాఅత్ విన్నా, ఫోను కలిపినా స్టీరియో ఆ తీగకు కరెంటు పంపుతూనే ఉంటుంది, అక్కరలేకపోయినా కడ్డీ లేస్తుంది. ఇప్పుడు రేడియో వినేటప్పుడు మాత్రమే స్విచ్చు వేస్తాము. మర్రి ఊడలకూ, మా మదరసా రేకుల షెడ్డుకూ తగిలే భయం పోయినది. ఆయన కూలి 250. ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. “పిల్లగాడే చేసిండు గద, నేను కూసున్న” అన్నారు.

ఇక్కడ ఒక సంగతి దాటవేయడానికి మాకు మనసొప్పడం లేదు. ఆ టేపు చుట్టిన తీగ. దారం తెగిన సంగతి అమ్మినవారికి తెలిసే, కడ్డీని చేతితో పైకి లాగి, తీగ విడదీసి ఉంచినారు. ఆ వారమే మేము విద్యార్థులకు ఖుదూరీలో క్రయవిక్రయాల అధ్యాయం, లోపమున్న వస్తువును తిరిగి ఇచ్చే హక్కు గురించిన భాగం చెబుతున్నాము. జరిగినది తెలిసిన ఒక విద్యార్థి లేచి, “ఉస్తాద్, మీరు కారు వాపసు ఇవ్వవచ్చు గదా” అన్నాడు. హనఫీ ధర్మశాస్త్రంలో కొన్నవానికి రెండు దారులున్నవి. తిరిగి ఇచ్చి సొమ్ము తీసుకోవడం, లేదా పూర్తి ధరకే ఉంచుకోవడం. అమ్మినవాడు ఒప్పుకోనిదే, ఉంచుకుంటూ ధర తగ్గించమని పట్టుబట్టే హక్కు లేదు. పైగా లోపం తెలిసిన తరువాత ఆ వాహనాన్ని తన పనికి ఎక్కి తిరిగితే, సమ్మతించినట్లే. దాన్ని తిరిగి అప్పగించడానికి, లేదా నీటికి, మేతకు తీసుకుపోవడానికి ఎక్కితే మాత్రం సమ్మతి కాదు. కడ్డీ దిగడం లేదని తెలిసి కూడా మేము నెల రోజులు చేవెళ్ళ-మొయినాబాద్ మధ్య తిరిగాము. కనుక మా హక్కు ఆ రోడ్డు మీదనే ముగిసినది. ఆ కుర్రవాడు ఊరుకోలేదు, “పెట్రోలు బంకుకు పోవడం మేత కిందికి వస్తుందా ఉస్తాద్?” అని అడిగాడు. తరగతి అంతా నవ్వినది. బంకు వరకే పోయి ఆగి ఉంటే వచ్చేదేమో అన్నాము.

హక్కు లేకపోయినా మాట చెప్పడం మంచిదని అమ్మినవారికి ఫోను చేశాము. డబ్బు అడగలేదు, అమ్మీ డయాలసిస్ గంట తగ్గిన సంగతి చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “చిన్న విషయమని చెప్పలేదు సాబ్. చెబితే మీరు బేరం తగ్గిస్తారనుకున్న” అన్నారు. దాపరికం లేని జవాబు. ఆయన విడదీసిన తీగను అడగకుండా కలిపినది మా అబ్బాయి. నిటారుగా ఉన్నదానిని ఆపి చూపమని అడగనిది మేము. ఆయన చెప్పనిది ఒక్క వాక్యం. ఈ మూడింటిలో ఏది తేలికో మేము ఇప్పటికీ తేల్చుకోలేదు.

మేము చేసినది ఒకటి ఉన్నది. డ్యాష్‌బోర్డు అరలో ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితాలతోపాటు ఒక నోటుబుక్కు పెట్టాము. ఈ కారులో ఉన్న లోపాలు, చేసిన మరమ్మతులు అన్నీ తేదీతో అందులో రాసి ఉన్నవి. యాంటెన్నా దారం మార్చినది, స్విచ్చు ఎక్కడున్నది, వెనుక ఎడమ తలుపు వానకు ఉబ్బుతుంది, అన్నీ. శంకర్‌పల్లి నుండి వచ్చిన ఒక ఉపాధ్యాయ మిత్రుడు, అమ్మేటట్లుంటే తనకే అమ్మమని అడిగినప్పుడు ముందు ఆ పుస్తకమే ఇచ్చాము. ఆయన రెండు పేజీలు చదివి, ఆలోచించి చెబుతానని వెళ్ళినారు. ఇంకా ఫోను చేయలేదు.

పని పూర్తయిన తరువాతి మొదటి డయాలసిస్ రాత్రి, లంగర్‌హౌస్ దాటి ఊరు పలచబడగానే స్విచ్చు వేశాము. 1996 నాటి 111వ జీవో వల్ల జంట జలాశయాల చుట్టూ ఎత్తైన కట్టడాలు ఇన్నేళ్ళు తక్కువగానే లేచినవి, ఆ దారిన రేడియో తేటగా వినబడడానికి అది కూడా ఒక కారణమని మా అనుమానం. వెనుక అద్దంలో చూస్తే కడ్డీ మెల్లగా లేస్తున్నది. మొయినాబాద్ దాటిన తరువాత అమ్మీ కళ్ళు తెరవకుండానే, “కొంచెం పెంచు” అన్నది. పెంచాము. చేవెళ్ళలో ఇంటి ముందు కారు ఆపి, తాళం తీసి, మోటారు ఆగిన శబ్దం వినే దాకా మేమూ అబ్బాయీ తలుపు దగ్గర నిలబడి ఉన్నాము. మా ఇంటివారు గడప లోపలి నుండి, ఈ రాత్రి కీచురాయి లేదు గదా అని అడిగినారు.